చివకని కంపోస్టులో గింజను మొలవనివ్వనిది ఏమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కూరగాయల చెత్త, ఎండుటాకులు, కొంచెం కోళ్ల ఎరువు కలిపి 3 నెలలు కుప్ప వేశారు. నల్లగా, పొడిపొడిగా తయారైంది. వాసన కూడా పెద్దగా లేదు. ఆ కంపోస్టునే నేరుగా ట్రేలలో నింపి టమాటా, తోటకూర గింజలు వేస్తే 40లో 5 మాత్రమే మొలిచాయి. అవే గింజలు తడిగుడ్డలో దాదాపు అన్నీ మొలిచాయి. పక్క ట్రేలో అదే కంపోస్టులో వేసిన బీన్స్ మాత్రం బాగానే వచ్చాయి. గింజను మొలవనివ్వని రసాయనం కంపోస్టులో ఏదైనా ఉంటుందా అని అడిగారు.

ఉంటుంది. ఒకటి కాదు, నాలుగైదు రకాలు ఉంటాయి. అవి ఎవరో బయటి నుంచి కలిపినవి కావు. చెత్త కుళ్లేటప్పుడు మధ్యలో పుట్టి, పూర్తిగా చివికేసరికి పోయేవే వాటిలో ఎక్కువ. ఉప్పు మాత్రం అలా పోదు, దాని సంగతి తర్వాత చెబుతాను. పచ్చి ఎరువు వేయొద్దు, బాగా చివికిన ఎరువే వేయాలి అని రైతులు చెప్పే మాట వెనక ఉన్న కెమిస్ట్రీ ఇదే. మీ కంపోస్టు చెడిపోలేదు, ఇంకా పూర్తి కాలేదు అని నా అంచనా. అయితే మీ ట్రేలో గింజను ఆపింది వీటిలో ఏదో తెలుసుకోకుండా మందు వేయకండి. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదాన్ని ముదరబెడుతుంది.

ముందు ఆమ్లాల గురించి. కుప్పలో గాలి బాగా ఆడితే సూక్ష్మజీవులు పిండిపదార్థాలనీ చక్కెరలనీ కార్బన్ డయాక్సైడ్ అయ్యేదాకా తినేస్తాయి. గాలి ఆడని చోట, అంటే ముద్దలు కట్టిన చోట, నీళ్లు నిలిచిన అడుగున, మూత బిగించిన డ్రమ్ములో, ఆ పని సగంలో ఆగిపోతుంది. అక్కడ చిన్న చిన్న సేంద్రియ ఆమ్లాలు పోగవుతాయి. వీటిలో ఎక్కువ మొత్తంలో ఉండేది ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేదే. దానితోపాటు ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలు ఉంటాయి. ఇవి ఎసిటిక్ కంటే తక్కువగా ఉన్నా, అంతే మోతాదులో దానికంటే ఎక్కువ హాని చేస్తాయి. బ్యూటిరిక్ ఆమ్లానికి చెడిపోయిన వెన్న కంపు ఉంటుంది. కుప్ప అడుగు తవ్వినప్పుడు ఆ కంపు కొడితే గింజలకు అది పనికిరాదని అప్పుడే తెలిసిపోతుంది.

ఈ ఆమ్లాలు ఎంత ఉన్నాయన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత; 7 మధ్యస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) కూడా చూడాలి. ఎసిటిక్ ఆమ్లం నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది: అణువు విడిపోకుండా ఉన్నది, విడిపోయి అసిటేట్‌గా మారినది. గింజలోని కణాల పొరను సులువుగా దాటగలిగేది మొదటి రూపమే. లోపలికి వెళ్లాక అది విడిపోయి కణంలోని ద్రవాన్ని ఆమ్లంగా మార్చేస్తుంది. పీహెచ్ 4.76 దగ్గర సగం ఆమ్లం ఆ రూపంలో ఉంటుంది. పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా ఉండదు. అందుకే పులిసిన కంపోస్టులో గింజను చంపిన మోతాదే, పీహెచ్ 7 దగ్గరున్న కంపోస్టులో పెద్దగా ఏమీ చేయకపోవచ్చు. బొకాషి పద్ధతిలో మూత బిగించి పులియబెట్టిన చెత్తను కూడా ఇందుకే గింజల దగ్గరికి నేరుగా రానివ్వకూడదు. దాన్ని మట్టిలో కలిపి కనీసం రెండు వారాలు వదిలేశాక గానీ ఏదీ నాటొద్దు.

ఇది చదివాక చాలామందికి సున్నం కలిపేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. మీ కుప్పలో కోళ్ల ఎరువు ఉంది కాబట్టి ఆ పని అస్సలు చేయొద్దు. ఎందుకంటే రెండో శత్రువు అమోనియా. ఇది ఆమ్లాలకు సరిగ్గా ఎదురు దారిలో నడుస్తుంది.

కోళ్ల ఎరువులో యూరిక్ ఆమ్లం రూపంలో నత్రజని బోలెడు ఉంటుంది. అది కుళ్లితే అమోనియం అవుతుంది. అమోనియం మామూలుగా ఉప్పులా నీళ్లలో కరిగి ఉంటుంది, మరీ ఎక్కువైతే తప్ప గింజను ఏమీ చేయదు. కానీ దానిలో కొంత భాగం అమోనియా వాయువుగా మారుతూ ఉంటుంది. ఆ భాగం ఎంతన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర లెక్క వేస్తే పీహెచ్ 7లో నూటికి ఒకటి కూడా కాదు, 8లో సుమారు 5, 9లో మూడో వంతు దాటుతుంది. ఈ వాయువు కణం పొరను ఇట్టే దాటుతుంది, లేత వేరును మాడ్చేస్తుంది. కుప్ప బాగా వేడెక్కి చల్లబడే సమయంలో పీహెచ్ 8 దాటడం మామూలే. దానికి మీరు సున్నం కూడా తోడు చేస్తే, అప్పటిదాకా ఉప్పుగా ఉన్నది వాయువైపోతుంది. గింజా పోతుంది, ఎరువులోని నత్రజనీ గాలిలో కలిసిపోతుంది.

నేను నర్సరీ పని మొదలుపెట్టిన కొత్తలో జరిగింది చెబుతాను. ఒకే కుప్ప నుంచి తీసిన కంపోస్టుతో రెండు వరసల ట్రేలు నింపాం. తేమ ఆరిపోకుండా ఒక వరస మీద ప్లాస్టిక్ షీటు కప్పాం. రెండో వరసకు షీటు చాలక అలాగే వదిలేశాం. వారం తర్వాత చూస్తే కప్పని ట్రేలలో సగానికి పైగా మొలకలున్నాయి, కప్పినవాటిలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. షీటు ఎత్తగానే కళ్లు మండాయి. తేమను పట్టి ఉంచాలనుకున్న షీటే అమోనియాను కూడా పట్టి ఉంచింది. అప్పటి నుంచి కొత్త కంపోస్టు ఏది వచ్చినా, పిడికెడు తీసుకుని తడిపి, జిప్ కవరులో మూసి 2, 3 రోజులు గది వేడిమిలో ఉంచి, తర్వాత తెరిచి వాసన చూడకుండా ట్రేలలో పోయలేదు. మీరు వాసన లేదన్నారు, నిజమే కావచ్చు. కానీ పొడిపొడిగా ఉందని కూడా అన్నారు. నాకు అనుమానం అక్కడే వచ్చింది. ఎండిపోయిన కంపోస్టులో సూక్ష్మజీవులు పని ఆపేస్తాయి. కుప్ప చల్లబడుతుంది, వాసన పోతుంది, చూడ్డానికి అంతా అయిపోయినట్టే ఉంటుంది. మళ్లీ నీళ్లు తగలగానే ఆగిన చోటు నుంచి కుళ్లడం మొదలవుతుంది, అదీ మీ ట్రేలో, గింజ పక్కనే. చల్లబడటం వేరు, చివకడం వేరు.

అమోనియా దానంతట అది ఎలా పోతుందో కూడా తెలుసుకోవాలి. కుప్ప చల్లబడ్డాక ఒక రకం బ్యాక్టీరియా అమోనియంను నైట్రైట్‌గానూ, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గానూ మారుస్తాయి. మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా వేళ్లకు మంచిది కాదు. నైట్రేట్ అయ్యాకే మొక్కకు హాయిగా అందుతుంది. ఈ బ్యాక్టీరియా బాగా వేడిగా ఉన్న కుప్పలో పనిచేయవు. వాటికి చల్లదనం, తేమ, గాలి, కొన్ని వారాల సమయం కావాలి. వేడి తగ్గాక 4 నుంచి 8 వారాలు మాగబెట్టాలని చెప్పేది ఇందుకే.

ఇక ఉప్పు. మిగతావాటికి టైమ్ ఇస్తే తగ్గుతాయి, ఇది మాత్రం పెరుగుతుంది. పొటాషియం, సోడియం, క్లోరైడ్ లాంటివి ఎక్కడికీ ఎగిరిపోవు. కుప్ప చివికే కొద్దీ దాని పొడి బరువు సగం దాకా తగ్గిపోవచ్చు. ఉప్పు మాత్రం ఉన్నంతా ఉంటుంది, అంటే చిక్కబడుతుంది. ఉప్పు ఎక్కువైన తడిలో గింజ నీళ్లు పీల్చుకోలేదు. చుట్టూ నీళ్లున్నా దానికి దాహమే. ట్రేలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పైన తడి ఆరిపోయే కొద్దీ కింది నీళ్లు ఉప్పును మోసుకుంటూ పైకి వస్తాయి, నీళ్లు ఆవిరై ఉప్పు పై పొరలో మిగిలిపోతుంది. తోటకూర గింజ సరిగ్గా ఆ పై పొరలోనే ఉంటుంది. బీన్స్ గింజను రెండు మూడు సెంటీమీటర్ల లోతున వేస్తారు, పైగా దానిలో తిండి నిల్వ ఎక్కువ కాబట్టి కాస్త దెబ్బ తగిలినా తట్టుకుని బయటికి వస్తుంది. మీ బీన్స్ మొలిచి తోటకూర మొలవకపోవడానికి ఇదే ముఖ్య కారణం అయ్యుండాలి.

ఉప్పును కొలవడానికి ఈసీ మీటరు దొరుకుతుంది. ఈసీ అంటే నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చెప్పే కొలత, ఉప్పు పెరిగితే అదీ పెరుగుతుంది. నేను ఒక పాలు కంపోస్టుకు 5 పాళ్లు నీళ్లు కలిపి, అరగంట తర్వాత వడకట్టి చూస్తాను. ఈసీ 1 dS/m (డెసీసీమెన్స్ పర్ మీటర్, ఈసీని చెప్పే యూనిట్) లోపుంటే చిన్న గింజలకు కూడా వాడతాను, 2 దాటితే నారుకు దాన్ని ఒక్కదాన్నే ఎప్పుడూ వాడను. మీరు వాడిన నీళ్ల ఈసీని కూడా ఒకసారి చూసుకోండి, బోరు నీళ్లే ఉప్పగా ఉండొచ్చు.

ఫినాలిక్ ఆమ్లాలు అనే ఇంకో గుంపు ఉంది. గడ్డి, రంపపు పొట్టు, చెట్టు బెరడు లాంటి గట్టి పదార్థాలు కుళ్లేటప్పుడు ఫెరులిక్, కౌమారిక్, వెనిలిక్ ఆమ్లాలు విడుదలవుతాయి. ఇవి మొలకెత్తడాన్ని ఆలస్యం చేస్తాయి, వేరు పొడవును తగ్గిస్తాయి. కొన్ని మొక్కలు ఇలాంటివాటిని తమ పక్కన ఇంకో మొక్క పెరగకుండా ఆయుధాల్లా వాడతాయి. నల్ల వాల్‌నట్ చెట్టులోని జుగ్లోన్, యూకలిప్టస్ ఆకుల్లోని నూనెలు అలాంటివే. భయపడాల్సిన పనేమీ లేదు, గాలీ తేమా ఉన్న కుప్పలో సూక్ష్మజీవులు వీటినీ తినేస్తాయి. జుగ్లోన్ అయితే కొన్ని వారాల్లోనే విరిగిపోతుంది. మీ కుప్పలో ఎండుటాకులు తప్ప గట్టి పదార్థం ఏమీ లేదు కాబట్టి ఈ గుంపును నేను పెద్దగా అనుమానించను.

కలుపు మందుల సంగతి ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే మీ లక్షణాలు దానివి కావు. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్ అనే మందులు గడ్డి మీద చల్లితే, ఆ గడ్డి తిన్న పశువు పేడలో కూడా బతికే ఉంటాయి, కంపోస్టు కుప్పలో కూడా తొందరగా పోవు. వందకోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా టమాటా, చిక్కుడు జాతుల మీద ప్రభావం చూపిస్తాయి. 2000 ప్రాంతంలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, 2008లో బ్రిటన్‌లో తోటమాలులు ఇలాగే నష్టపోయారు. అయితే వీటి దెబ్బ తగిలిన గింజ సాధారణంగా మొలుస్తుంది, మొలిచాక ఆకులు గిన్నెలా ముడుచుకుని, చిగురు మెలితిరుగుతుంది. బీన్స్‌కు ఇవంటే అసలు పడదు. మీ బీన్స్ చక్కగా ఉన్నాయంటే ఈ మందుల్ని పక్కన పెట్టేయొచ్చు.

మొలక బయటికి వచ్చి, మట్టి మట్టం దగ్గర కాండం నొక్కినట్టు సన్నబడి పడిపోతే అది నారుకుళ్లు తెగులు, రసాయనం కాదు. ఈ రెండింటినీ కలిపేసుకోకండి.

ఇప్పుడు పరీక్ష. ఇటలీకి చెందిన జుక్కోని, ఆయన సహచరులు 1981లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. వాళ్లు గార్డెన్ క్రెస్ అనే ఆకుకూర గింజలు వాడారు. అవి దొరక్కపోతే ముల్లంగి గింజలు చాలు. తడి కంపోస్టు ఒక పాలు, మంచి నీళ్లు 10 పాళ్లు బరువు చూసి కలిపి, గంటసేపు అప్పుడప్పుడు కుదుపుతూ ఉంచి, పలచటి గుడ్డలో వడకట్టండి. మూత ఉన్న చిన్న డబ్బా అడుగున టిష్యూ కాగితం పరిచి, అది తడిసేంత ఆ నీళ్లు పోసి, 10 గింజలు సర్దండి. ఇంకో డబ్బాలో అన్నీ అలాగే చేసి, కంపోస్టు నీళ్లకు బదులు మంచి నీళ్లు పోయండి. చీకట్లో 3 రోజులు ఉంచి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి, ప్రతి వేరునూ స్కేలుతో కొలవండి.

వేరును కొలవడం మానొద్దు, ఫలితం అక్కడే తెలుస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. మంచి నీళ్లలో 10కి 10 మొలిచి, వేరు సగటున 30 మిల్లీమీటర్లు వచ్చింది అనుకోండి. కంపోస్టు నీళ్లలో 9 మొలిచి, వేరు సగటు 12 మిల్లీమీటర్లు వచ్చింది. మొలకల లెక్కే చూస్తే 90 శాతం, బ్రహ్మాండం అనిపిస్తుంది. వేరు మాత్రం 40 శాతమే. ఆ రెండూ గుణించి 100తో భాగిస్తే 36. దీన్నే మొలక సూచిక అంటారు. 50 లోపుంటే కంపోస్టులో విషం గట్టిగా ఉందని, 80 దాటితే చివికిందని సాధారణంగా తీసుకుంటారు. గింజ తన నిల్వతోనే పగిలి వేరు తొంగిచూసేలా చేయగలదు, దానికి బయటి సాయం పెద్దగా అక్కర్లేదు. బయటికొచ్చిన వేరు కొసే అన్నిటికంటే సున్నితం. ఒక భూతద్దం పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా, కొసకు కొంచెం వెనక మెత్తటి నూగుతో ఉంటుంది. ఆ నూగును చూసి బూజు అనుకుని పారేసేవాళ్లున్నారు, అవి వేరు కేశాలు. దెబ్బతిన్న వేరుకు ఆ నూగు ఉండదు. కొస గోధుమరంగుకు తిరిగి, ఉడికినట్టు మెత్తబడి, కొన్నిసార్లు గింజలోకి వెనక్కి వంగి ఉంటుంది.

సూచిక తక్కువ వస్తే, కారణం ఏదో పట్టుకోవడానికి నేను చేసే పని చెబుతాను. అదే కంపోస్టు మూడు భాగాలు తీయండి. ఒకటి ఉన్నదున్నట్టు ఉంచండి. రెండోదాన్ని అడుగున చిల్లులున్న కుండీలో పోసి, దాని ఘనపరిమాణానికి రెండు మూడింతల నీళ్లు నెమ్మదిగా పోసి కడగండి. మూడోదాన్ని తడి ఆరనివ్వకుండా రెండంగుళాల మందాన పరిచి, రోజుకోసారి కలుపుతూ 10 రోజులు గాలికి ఉంచండి. మూడింటిలోనూ ఒకే గింజలు వేయండి. కడిగినదీ గాలికి ఉంచినదీ రెండూ మొలిస్తే, తప్పు ఆమ్లాలదో అమోనియాదో. పీహెచ్ కాగితం పెడితే ఏదో తేలిపోతుంది: 5 చుట్టుపక్కల ఉంటే ఆమ్లం, 8 దాటితే అమోనియా. కడిగినది మాత్రమే మొలిస్తే ఉప్పు. రెండూ మొలవకపోతే కథ ఇంకేదో, అప్పుడు ఆ కుప్పను నారుకు వాడకుండా పెద్ద చెట్ల మొదళ్లలో వేసేయండి.

మందు కూడా దాన్నిబట్టే. ఆమ్లమైతే గాలి చాలు. కుప్పను తిరగేయండి, ముద్దలు విడగొట్టండి, ఎండుటాకులు కలపండి. సూక్ష్మజీవులకు ఈ ఆమ్లాలు ఇష్టమైన తిండి, గాలి దొరికితే కొద్దిరోజుల్లో తినేస్తాయి. అమోనియా అయితే కార్బన్ ఎక్కువున్న ఎండుటాకులు, పొట్టు కలిపి, పిడికిట్లో పిండితే చేయి తడవాలి గానీ నీళ్లు కారకూడదు అన్నంత తేమ పెట్టి, 6 వారాలు మాగబెట్టండి. ఉప్పైతే నీళ్లతో కడగడమో, ఉప్పు లేని దానితో పలచన చేయడమో. కడిగితే నైట్రేట్ కూడా కొంత పోతుంది, అందుకే నేను పలచన చేయడానికే మొగ్గుతాను. కోకోపీట్‌తో (కొబ్బరి పీచు పొట్టుతో) పలచన చేసేటట్టయితే ముందు దాన్ని కూడా కడగండి, కొన్ని రకాల్లో ఉప్పు బాగా ఉంటుంది.

ఏది తేలినా ఒక్క అలవాటు మార్చుకోండి. నారు ట్రేలో కంపోస్టు ఒక్కటే నింపకండి. అయిదింట ఒక వంతు కంపోస్టు, మిగతాది కడిగిన కోకోపీట్, ఇసుక లాంటివి ఉంటే చాలు. మొలిచే గింజకు మొదటి వారం ఎరువు అవసరమే లేదు. నారు మూడు నాలుగు ఆకులు వేసి వేరు గట్టిపడ్డాక ఇదే కంపోస్టును ఇష్టంగా తింటుంది. పూర్తిగా చివకని కంపోస్టును పెద్ద మొక్కల వరసల మధ్య మట్టి మీద పరిచినా నష్టం లేదు. కాండానికి తగలకుండా చూసుకుంటే చాలు, కింద ఉన్న చిన్న కలుపు గింజలను కొంతవరకు లేవనివ్వదు కూడా.

మీ ట్రేలలో మొలవని ఆ 35 గింజలను ఇంకా పారేయకండి. ఉప్పు వల్ల ఆగిన గింజ చాలాసార్లు చచ్చిపోదు, నీళ్లు అందక ఎదురుచూస్తూ ఉంటుంది. ట్రేలోని పై పొరను జల్లెడలో వేసి నీళ్ల కింద కడిగి, గట్టిగా ఉన్న గింజలను ఏరి, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా చితికేవాటిని తీసేయండి. మిగిలినవాటిని తడిగుడ్డలో పెట్టి 5, 6 రోజులు చూడండి. వాటిలో సగమైనా మొలిస్తే మీ సమస్య ఉప్పు అనే చెప్పొచ్చు. ఒక్కటీ మొలవక, పగలగొట్టి చూస్తే లోపల గోధుమరంగుకు తిరిగి ఉంటే, ఆమ్లమో అమోనియానో వాటిని లోపలే చంపేసింది. ఏం కనిపించిందో, కంపోస్టు పీహెచ్ ఎంత వచ్చిందో రాయండి. దాన్నిబట్టి ఆ కుప్పను ఎన్ని వారాలు మాగబెట్టాలో చెబుతాను.